దవాఖాన బండికి సంఘం లేదు

జనగామ చౌరస్తాల దీక్షా టెంటు కింద కంప్యూటర్ నడిపేది మంగీలాల్ బిడ్డ గీత. పాలకుర్తి దిక్కు తండా పిల్ల, టౌన్ల కంప్యూటర్ సెంటర్ల పని చేస్తది. తెలంగాణ కోసం బంద్ మీద బంద్ నడుస్తున్న దినాలు. బస్సులుండయి, తొవ్వ పొడుగునా రాస్తారోకోలే. మొన్నటి బంద్‌ల గీత అక్క నీలికి నొప్పులొస్తే బండి దొరకలే. రోడ్డు మీదనే కాన్పయింది, పిలగాడు దక్కలే. రాష్ట్రం రావాలె, కాదనది గీత. గని ఇంకో తల్లికి గా గతి పట్టొద్దని ఆమె పంతం.

అందుకే టెంటు కాడికొచ్చే జనం నొక్కేటందుకు కంప్యూటర్ మెనూల మూడే బటన్లు పెట్టింది. అన్నిటికన్న పైన దవాఖాన బండి, ఎర్రగ, పెద్దగ. దాని కింద బంద్ ఎప్పుడు, సభ ఎక్కడ. చదువురానోళ్లకు సుత సులువుగ ఉండాలని బొమ్మలేసింది. పక్క జిరాక్సు దుకాణం నుంచి ఫోన్ వైరు గుంజింది. ఎర్ర బటన్ నొక్కితే ఆ వారం వంతున్న జీపు డ్రైవర్‌కు కంప్యూటరే ఫోన్ కలుపుతది.

ఇగ సూడుండ్రి, సంఘాలోళ్లు దిగిండ్రు. దీక్షల దినానికో సంఘం కూసుంటది. కరపత్రంల ఎవల పేరు కిందికి జారినా మూతి ముడుసుకుంటరు, వాళ్లను బుదరకిచ్చి అలక తీర్చుటానికే సగం ఉద్యమం సరిపోతది.

"మా వకీళ్ల పేరేది గిండ్ల?" అన్నడు సురేందర్. వ్యాపారులడిగిండ్రు, ఉద్యోగులడిగిండ్రు. ఉపాధ్యాయ సంఘం అధ్యక్షుడు గణపతి సారే దీక్షకు కన్వీనరు, ఆయన తీర్పు చెప్పిండు.

"అందరికి ఒక్కో బటన్ ఇయ్యి బిడ్డా. దీక్ష లెక్కనే వంతులు. ఎవల దినం వాళ్లు పైన."

"మరి దవాఖాన బండి, సారు?"

"దానికి సంఘం లేదు గద. కింద ఉండనీ."

అంతటితోని ఆగిండ్రా? మౌస్ ముట్టంగనే ఆ దినం వంతున్న సంఘం అధ్యక్షుని సందేశం మోగాలన్నరు. నడుమల ఆపితే అవమానమని వెనక్కి పోయే బటన్ తీసేపిచ్చిండ్రు. గీతకు అరికాలి మంట నెత్తికెక్కింది. గని కంప్యూటర్ చందాలతోని కొన్నది, మాట వాళ్లదే.

ఉపాధ్యాయుల వంతు దినం. గీత చాయ తాగి వచ్చేసరికి, దీక్షకు వచ్చిన గణపతి సారు తల్లి చిలుకమ్మ ఛాతి పట్టుకోని చాప మీద పడున్నది. సారు కాలు చెయ్యి ఆడక మౌస్‌ను టకటక కొడుతున్నడు. స్పీకర్ల ఆయన గొంతే. "సోదర సోదరీమణులారా, మన పోరాటం సుదీర్ఘమైనది..." ఏడ నొక్కినా ఆగుతలేదు.

"బిడ్డా, జర వీని నోరు మూయించు," అన్నడు సారు ఏడుసుకుంట.

గీత ఆయనను పక్కకు నూకి ప్రోగ్రాం లోపలికి పోయింది, సందేశం ఆపి ఫోన్ కలిపింది. వంతు డ్రైవర్ భిక్షం జీపొచ్చింది. ముసలామె బతికింది.

తెల్లారి మీటింగ్ పెట్టిండ్రు. "దవాఖాన బండి అన్నిటికన్న పైన ఉండాలె," అన్నడు గణపతి సారు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఇప్పటికన్న సోయొచ్చిందని గీతకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

సురేందర్ లేసిండు. "మంచి మాట. మరి ఆ బటన్ మీద ఏ సంఘం పేరుండాలె?"

గణపతి సారు గొంతు సవరించుకున్నడు. "నొప్పొచ్చింది మా అమ్మకు. న్యాయంగ మా సంఘానిదే."

వ్యాపారులు లేసిండ్రు, ఉద్యోగులు లేసిండ్రు. గీత కంప్యూటర్ ముంగట కూసోని ఒక్కొక్క పేరే తుడుసుకుంట పోయింది. లొల్లి సల్లారి పెద్దమనుషులు వచ్చి చూసేసరికి తెర నిండ ఒక్కటే ఎర్ర బటన్.

"మా పేరు గీడనే ఉండె," అని సురేందర్ వేలు చూపెట్టుకుంట మౌస్ నొక్కిండు. ఫోన్ కలిసింది.

"చెప్పుండ్రి, ఎవలకు బాగలేదు?" అన్నడు స్పీకర్ల భిక్షం.

గీత ముంగటికి వంగింది.

"అందరికి, అన్న."