తోళ్లు కడిగే నీళ్లు

మంచు కరిగే కాలమొస్తే ఒరాలియాకి తిండి సయించదు. చలికాలమంతా గడ్డకట్టిన బురద దొడ్లలో ఒక్కసారిగా కరుగుతుంది. పశువులు మోకాళ్లలోతు పేడలో నిలబడి, అందులోనే పడుకుని, ఒళ్లంతా పూసుకుని అమెరికాలో కాన్సాస్‌లోని ఒక కబేళాకి వస్తాయి. తోలు ఒలిచేముందు వాటిని కడిగే యంత్రం దగ్గర ఒరాలియా పని. ప్రాణం పోయిన పశువు తలకిందులుగా వేలాడుతూ వస్తుంటే పొట్టకింద ఎండిన పేడ ఉండలు ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. యంత్రంలోకి వెళ్లగానే మందు కలిపిన వేడినీళ్లు నాలుగువైపుల నుంచీ కొడతాయి. తోలు మీది క్రిములు అక్కడే చావాలి. లేకపోతే ఒలిచే కత్తితోపాటు మాంసంలోకి దిగుతాయి.

ఆ నీళ్లు పారబోయరు. కింద తొట్టిలో పట్టి, వడగట్టి, మళ్లీ మందు కలిపి, మళ్లీ వాడతారు.

ఆ పొద్దున మందు ఘాటు లేదు. పుల్లటి, వెచ్చటి కంపు. ఒరాలియా తొట్టి మూత ఎత్తి ముఖం తిప్పేసుకుంది. లోపల చిక్కటి గోధుమరంగు పులుసు, దానిమీద మీగడలా నురగ, నురగలో వెంట్రుకల ఉండలు. మందు పోసే పంపు ఆగిపోయింది. యంత్రం కడగడం లేదు, ముందు పశువు పేడ తీసి వెనక పశువుకి పూస్తోంది.

"చూడకు వదినా, చూస్తే మధ్యాహ్నం ముద్ద దిగదు" అంది పక్కన పనిచేసే ఎలోదియా, ముక్కు మూసుకుని.

"నాకు దిగకపోతే పోయింది. ఇది తినేవాళ్ల సంగతేంటి?"

పశువుల్ని మోసుకొచ్చే గొలుసుల లైను ఆపే ఎర్ర మీట సూపర్‌వైజర్ తప్ప ఎవరూ నొక్కకూడదు. కబురంపితే ఆ సూపర్‌వైజర్ బ్రెంట్ వీబీ తెల్లకోటు అంచు ఎత్తిపట్టుకుని, తడి తగలకుండా అడుగులేస్తూ వచ్చాడు.

"పంపు బాగుచేసేవాడు వస్తున్నాడులే. అందాకా నడవనీ."

"ఒక్కసారి తొట్టిలోకి చూడు బ్రెంట్."

"చూడక్కర్లేదు. తోలు ఒలిచాక ఇంకో వేడినీళ్ల స్నానం ఉందిగా, అక్కడ పోతుంది."

"ఇంత మురికి అక్కడ పోతుందా? నీ ఇంటికి పట్టుకెళ్తావా ఆ మాంసం?"

"పొద్దున్నే మొదలెట్టకు తల్లీ!" అని విసుక్కుంటూ, ఒక గొట్టం మూసుకుపోయి నీళ్లు చిమ్మడం లేదని గమనించి, దాన్ని చేత్తో కొట్టాడు. ఇరుక్కున్న పేడముద్ద ఊడింది. వెనక ఆగిన నీళ్లన్నీ సూటిగా అతని ముఖం మీద పడ్డాయి. నోరు తెరిచే ఉంది.

బ్రెంట్ వంగిపోయి వాంతి చేసుకున్నాడు. పెదవికి అంటుకున్న వెంట్రుకని లాగబోతే అది గొంతులోంచి సాగుతూ వచ్చింది. కక్కుకుంటూనే అతను వెళ్లి ఎర్ర మీట నొక్కాడు. గొలుసులు కిర్రుమని ఆగాయి.

కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చాడు. "తొట్టి ఖాళీ చెయ్యండి. ఇప్పటిదాకా కడిగినవి వెళ్లనీండి."

ఒరాలియాకి తొట్టి చూసినప్పటికంటే ఎక్కువ రోత పుట్టింది. "నీ నోట్లో పడితే లైను ఆగిందే! ఊళ్లోవాళ్ల నోట్లో పడితే ఆగదా?"

అతను మళ్లీ నోరు తుడుచుకున్నాడు. తర్వాత గోడకున్న ఫోను తీసి, పొద్దుటి నుంచి కడిగిన ప్రతి పశువునీ విడిగా పెట్టమన్నాడు, ఉడికించి అమ్మేవైపుకే పంపమన్నాడు.

తొట్టి అడుగున పేరుకున్న జిగురుని ఒరాలియా, ఎలోదియా పారలతో ఎత్తిపోశారు. చేతితొడుగుల్లోకి కూడా జారింది.

ఆ వారం చివర బ్రెంట్‌కి రక్తవిరేచనాలు పట్టుకున్నాయని, ఆసుపత్రిలో చేర్చారని తెలిసింది. ఒరాలియా కోడి పులుసు కాచి తీసుకెళ్లింది. మనిషి సగమయ్యాడు. గదిలో ఫినాయిలు వాసన, దానికింద ఇంకో వాసన.

"ఆ మాంసం…" అన్నాడు, పీలగా.

"అంతా ఉడికించారు. పచ్చిది ఒక్క ముక్క బయటికి పోలేదు."

బ్రెంట్ కళ్లు మూసుకున్నాడు. "లైను ఆపిన రెండ్రోజులకే నా కూతురి పుట్టినరోజుకి మన కబేళా మాంసమే కాల్చాం. ఆరోజు కడిగినవి ఆపకపోయుంటే…"

ఒరాలియాకి అతని మీద కోపం పోలేదు, జాలీ ఆగలేదు. గిన్నె బల్లమీద పెట్టి బయటికొచ్చింది.

తిరుగుదారిలో ఆమె కారు ముందు పశువుల లారీ ఒకటి వెళ్తోంది. పలకల సందుల్లోంచి పచ్చటి పేడనీళ్లు వచ్చి అద్దం మీద చిందాయి. వైపర్ వేస్తే ఇంకా అలుక్కుంది. ఒరాలియా కారు పక్కకి ఆపి, లారీ కనుచూపు దాటేదాకా కదల్లేదు.