అతుకు కనపడని మూత

మూత ఇంకా చెమటలు కక్కుతూనే ఉంది. ఆర్నల్డ్ కియర్టన్ వంటింటి నేల మీద మోకాళ్లూని, ఓవెన్ అద్దంలోంచి కళ్లు చికిలించి చూశాడు. రొట్టెలు కాల్చే అరలో, చుట్టూతా కోసిన ఇంజను మూత రెండు ముక్కలుగా పడుకుని ఉంది. అరవై ఏళ్లుగా అల్యూమినియం పీల్చుకున్న నూనె వేడికి పైకి తేలి, బొట్లు బొట్లుగా కింది పళ్లెంలోకి జారుతోంది. అదంతా కక్కితే గానీ అతుకు పట్టదు.

“రేపు ఆదివారం. అందులోనే నేను మాంసం కాల్చాలి, గుర్తుందా?” అంది భార్య డోరీన్, బంగాళాదుంపల చెక్కు తీస్తూ.

“పోయిన వారం బాగానే తిన్నావుగా.”

“తిన్నాను. సాయంత్రం దాకా గేరుపెట్టె మింగినట్టే ఉంది.”

కిటికీ అవతల రోడ్డు మీద ఒక కారు నెమ్మదించింది. ఆర్నల్డ్ ఓవెన్‌కి అడ్డంగా జరిగాడు. కారు గొర్రెల కోసం ఆగి, అవి దాటాక తన దారిన పోయింది. అది మలుపు తిరిగేదాకా ఆయన అడ్డం తొలగలేదు.

ఆయన పని చెప్పుకోడానికి చిన్నదే. పాతకాలపు ట్రయల్స్ పోటీ మోటారుసైకిళ్లకి ఇంజను మూతలు రెండువైపులా ఉబ్బి ఉంటాయి, విందులోంచి లేచినవాడి పొట్టలాగ. వాగులో బండరాళ్ల సందున కాలు నేలకి ఆనించకుండా బండిని నడిపించడమే పోటీ. ఆనిస్తే మార్కు పోతుంది. పొట్ట రాయికి తగిలిందా, కాలు దిగిందే. ఆర్నల్డ్ ఆ మూతలోంచి వేలెడు వెడల్పు పట్టీ కోసి తీసేసి, మిగిలిన ముక్కల్ని అతికి, లోపలా బయటా ఆకురాయితో రుద్దుతాడు, ఆ మూత తల్లికడుపులోంచే సన్నగా పుట్టిందనిపించేదాకా. ఆ అతుకు ఎక్కడుంటుందో స్వేల్‌డేల్ లోయ మొత్తంలో చూసినవాడు లేడు. ఆయన చూడనిచ్చింది లేదు. షెడ్డు కిటికీకి వార్తాపత్రికలు లోపలినుంచీ అంటించాడు, బయటినుంచీ అంటించాడు.

ముప్పై ఒక్క ఏళ్లు పోత కర్మాగారంలో పనిచేశాడాయన. పాతికేళ్ల వయసులో, పగిలిన మూతల్ని ముందు వేడిచేసి అతికితే మళ్లీ పగలవని కనిపెట్టి, ఫోర్‌మన్‌కి చూపించాడు. మరుసటి నెల కంపెనీ పత్రికలో ఫోర్‌మన్ ఫోటో పడింది. ఫోటో అంచున సగం కనిపించే మోచెయ్యి ఆర్నల్డ్‌ది. ఆ మోచెయ్యి తర్వాత ఆయన ఎవరికీ ఏదీ చూపించలేదు.

షెడ్డులో తలుపు గొళ్లెం పెట్టుకుని, వేడి ముక్కల మీద సబ్బుతో గీత గీశాడు. డోరీన్ లావెండర్ సబ్బే. మంట కింద గీత గోధుమరంగు తిరగగానే అతుకు మొదలుపెట్టాలి. నల్లబడేదాకా ఆగితే మూత వెన్నముద్దలా జారిపోతుంది. లావుపాటి మొద్దు వేళ్లు, గోళ్లలో ఎప్పటికీ వదలని బూడిదరంగు. అయినా తీగని మంటలోకి అందించేటప్పుడు అవి సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు కదిలేవి. మధ్యాహ్నం దాకా రుద్దాడు. రాలిన పొడి కూడా కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. పొడి చూసి పని చెప్పేవాళ్లు ఉంటారు, ఈ లోకాన్ని నమ్మడానికి లేదు.

మూడింటికి మిరియం కోట్స్ వచ్చింది. పశువుల డాక్టరు దగ్గర గుమాస్తా, అరవైకి దగ్గరపడింది. ఆ మూత బిగించాల్సిన బండి ఆమె తండ్రిది. వచ్చే నెల మోకాలికి ఆపరేషను, ఆ తర్వాత బండెక్కే మాట లేదు. కాబట్టి రేపటి పోటీయే ఆఖరిది. ఆమె వెనకాలే గోర్డన్ పికర్స్‌గిల్ దిగాడు. క్లబ్బు బళ్లని తనిఖీ చేసే మనిషి, పుట్టినరోజు కేకుని కూడా కిందినుంచి వంగి చూసే రకం.

“దారిలో కనపడితే ఎక్కించుకుంది,” అన్నాడు. ఆయన ఇల్లు ఆ దారిలో లేదు.

మూతని వంటింటి బల్ల మీద పెట్టారు. పికర్స్‌గిల్ టార్చి వేసి చూశాడు, గోటితో గీరాడు, వాసన చూశాడు.

“అతుకేదీ?”

“ఉంది.”

“ఎక్కడా?”

“ఉండాల్సిన చోట.”

“నాకు కనపడట్లేదు.”

“కనపడితే ఈ పని నువ్వే చేసుకునేవాడివి.”

పికర్స్‌గిల్ టార్చి ఆర్పాడు. “పాత మూతని కోసుకో, అతుక్కో, నాకభ్యంతరం లేదు. కొత్తగా పోత పోయించింది మాత్రం ఒప్పుకోను. ఇది కొత్తది, ఆర్నల్డ్. రేపు ఈ బండి పోటీ గీత దాటదు.”

“చూపించెయ్యండి ఆర్నల్డ్, మీకు పుణ్యముంటుంది,” అంది మిరియం. “కావాలంటే నేను కళ్లు మూసుకుంటాను.”

ఆర్నల్డ్ మూతని తన వైపు లాక్కున్నాడు. చూపిస్తే సోమవారానికల్లా లోయంతా తెలిసిపోతుంది. చూపించకపోతే, జీవితంలో ఇంత బాగా కుదిరిన అతుకు ఇంకోటి లేదు, అదే తనని దొంగని చేస్తుంది. పాపం మిరియం వాగు ఒడ్డున నిలబడిపోతుంది. పికర్స్‌గిల్ కావాలనే ఈ ఎత్తు వేశాడేమో? ఏమో ఏమిటి, వేసే ఉంటాడు.

“జరగండి,” అంది డోరీన్.

చేతులకి రబ్బరు తొడుగులున్నాయి. ఓవెన్ జిడ్డు వదిలించే మందు డబ్బా ఊపి, మూత లోపలంతా నురగ కొట్టింది. “టీ తాగేలోపు తేలుతుంది. ముట్టుకోకు గోర్డన్, తోలు ఊడొస్తుంది.”

టీ తాగారు. డోరీన్ నురగ కడిగి మూతని వెలుతురుకి పట్టింది. తెల్లటి లోహం మీద సన్నగా, వెంట్రుకలా, ఒక నల్లటి గీత చుట్టూతా తిరిగింది. నిటారు గోడలో కాదు, అంచు వంపు తిరిగే మడత కింద, ఎప్పుడూ నీడ పడే చోట.

పికర్స్‌గిల్ కళ్లజోడు పెట్టుకుని గీత వెంబడి ఒక ప్రదక్షిణం పూర్తిచేశాడు.

“ఓరి దొంగసచ్చినోడా,” అన్నాడు మెల్లిగా. “మడతలోనా!” పుస్తకం తీసి మిరియం పేరు పక్కన టిక్కు పెట్టాడు. వాకిట్లోకి వెళ్లినవాడు వెనక్కొచ్చి ఇంకోసారి చూసి వెళ్లాడు.

“నీకెలా తెలుసు?” అనడిగాడు ఆర్నల్డ్, కారు శబ్దం పూర్తిగా పోయాక.

“ఓవెన్ కడిగేది ఎవరనుకున్నావు? ఓసారి నువ్వు అతికిన మూత అరలో ఉండగా మందు ఒలికి, గీత నల్లగా తేలింది.”

“ఎప్పుడు?”

“ఇరవై ఆరేళ్లయింది.”

“ఎవరికైనా చెప్పావా?”

“నీకే చెప్పలేదు.”

లోయలో ప్రతి కారునీ అనుమానించాడాయన, వంటింటిని తప్ప. కాసేపు ఆమెని కొత్తమనిషిని చూసినట్టు చూసి, షెడ్డులోకి వెళ్లిపోయాడు.

అయిదింటికి డోరీన్ కేకేసింది. పలకలేదు. అలిగాడనుకుంది, అలిగితే అరగంట పడుతుంది. ఆయన వంతు టీ కూడా తనే తాగేసి, సరిగ్గా అరగంటకి వెళ్లింది. తలుపుకి గొళ్లెం లేదు. ఆర్నల్డ్ ఎత్తుపీట మీద గోడకానుకుని, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నాడు. ఆమె ఇంకోసారి పిలిచింది. తర్వాత వెళ్లి పక్కన కూర్చుంది.

గుండె అన్నాడు డాక్టరు. ఆదివారం మిరియం పోటీలో పదకొండు మార్కులు పోగొట్టుకుంది, ఒక్కటీ రాయి తగిలి కాదు. అంత్యక్రియల్లో పికర్స్‌గిల్ శవపేటిక అంచు కింద వేలు పోనివ్వబోయి, డోరీన్ చూస్తోందని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారాంతంలో జనం మూతలు జనానికి తిరిగిచ్చేద్దామని ఆమె షెడ్డు తెరిచింది. పనిబల్ల మీద, గుడ్డ పరిచి, ఎవరిదో మూత వెల్లకిలా పెట్టి ఉంది. లోపల, మడత పక్కన, ఉక్కు అచ్చుతో కొట్టిన, ఇదివరకు ఏ మూత మీదా లేని ఒకే ఒక్క అక్షరం, ఆర్నల్డ్ పేరులోని ఇంగ్లీషు ‘ఎ’, లోతుగా, నిటారుగా. దాని పక్కన ఇంటిపేరుకని సుద్దతో గీసుకున్న చిన్న గడి ఖాళీగా ఉంది.