జక్కరయ్య ఇంటి ఇనప గిన్నె

నేను ఒక పోత ఇనప గిన్నెను. నా మూత కూడా ఇనపదే. ఇద్దరు పట్టి ఎత్తితే గానీ పొయ్యి ఎక్కను. ఎక్కడో ఇసుక అచ్చులో పోశారట. ఆ సంగతి నాకు జ్ఞాపకం లేదు. మనుషులకూ అంతే కదా, పుట్టిన రోజు ఇంకొకరు చెబితేనే తెలుస్తుంది.

ఓడ దిగి, రైలెక్కి, బిట్రగుంట రైల్వే కాలనీలో ఒక ఇంజను డ్రైవరు దొరసాని వంటింటికి చేరాను. అక్కడ వంటవాడు జక్కరయ్య. పండ్లు, ఆకులు వేసి పంది తొడ కాల్చడం ఆమే నేర్పింది. ఆమె చెప్పిన పండ్లు గానీ ఆకులు గానీ మా దగ్గర దొరకవు. జక్కరయ్య దోర జామకాయలూ వామాకూ వేశాడు. దొరసాని తిన్నది. మళ్ళీ వడ్డించుకుంది. కాలనీ విడిచి పోయేటప్పుడు నన్ను అతనికే ఇచ్చింది.

అప్పటినుంచి ప్రతి క్రిస్మస్‌కీ అతని పెరట్లో మూడు రాళ్ళమీద కూర్చునేదాన్ని. మాంసానికి కత్తితో గాట్లు పెట్టి, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, నలిపిన వామాకు వేలితో లోపలికి కూరేవాడు. చుట్టూ జామ ముక్కలు పేర్చి మూత పెట్టి, మూతమీద కూడా నిప్పులు పోసేవాడు. మూడు గంటలు మూత ముట్టడు. చిటపటలు ఆగి లోపల సన్నగా ఈల వేసినట్టు వినబడితేనే తీస్తాడు.

పెరటికి ఎదురిల్లు తమ్ముడు ఇమ్మానియేలుది. మధ్యలో పన్నెండడుగుల సందు. అయినా పండగ పూట జక్కరయ్య ఆ గుమ్మం దాకా పోయి, "రారా, తిందాం" అని పిలిచి రావాలి. వాళ్ళ పద్ధతి అది. ఇంటి పెద్ద వచ్చి పిలవనిదే ఎవరూ విస్తరి ముందు కూర్చోరు.

ఇమ్మానియేలు కూతురు సువార్త పెళ్ళి జరిగింది. వంటకు బయటివాళ్ళను పెట్టారు. జక్కరయ్యను గరిటె పట్టమనలేదు. "పంది మాంసం వండేవోడని నామోషీ పడ్డాడు" అని జక్కరయ్య తనలో తాను తేల్చుకున్నాడు. తమ్ముణ్ణి అడగలేదు. నాలుగు క్రిస్మస్‌లు పిలుపు లేకుండానే పోయాయి.

ఐదో పండక్కి భార్య మార్తమ్మ ఊరుకోలేదు. నేను పొయ్యిమీద ఉండగానే మొదలుపెట్టింది.

"పొయ్యి పిలువయ్యా. పన్నెండడుగులకే కాళ్ళరిగిపోతయ్యా?"

"వాసన పోలా ఆడికి? వాడికి ముక్కుండాదిగా."

"వాసనొచ్చి పిలిస్తే మడిసి పిలిచినట్టా?"

అతను నా మూత తీసి, విసనకర్ర తెచ్చి, ఆ ఆవిరిని ఎదురింటివైపు విసిరాడు. నోటితో చేయవలసిన పనిని విసనకర్రతో చేశాడు.

అవతల ఇమ్మానియేలు కొత్త చొక్కా తొడుక్కుని గడపమీదే కూర్చున్నాడు. పొద్దుటినుంచీ అక్కడే. రెండుసార్లు దగ్గాడు. ఇటునుంచి జక్కరయ్య కూడా దగ్గాడు. నాలుగేళ్ళలో అన్నదమ్ములు మాట్లాడుకున్నది ఆ మాత్రమే.

మధ్యాహ్నం దాటింది. మాంసం అంచులు ఎండిపోతున్నాయి. చివరికి జక్కరయ్య ఒక పళ్ళెం నిండా ముక్కలు పెట్టి మార్తమ్మ చేతికిచ్చాడు. ఆమె అలాగే వెనక్కి తెచ్చింది.

"కూర వద్దంట. ‘అన్న రావాల వొదినా’ అంటున్నాడు. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడయ్యా."

జక్కరయ్య లేచాడు. సందు దాకా పోయాడు. నిలబడ్డాడు. తిరిగొచ్చి, "వచ్చే పండక్కి చూద్దాంలే" అన్నాడు. ఇనుమును నేను. నాకంటే అతనే బరువుగా ఉన్నాడు ఆ రోజు.

వచ్చే పండగ దాకా ఇమ్మానియేలు లేడు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం ఉపవాసాల్లో ఒక ఉదయం స్నానానికని లేచి కూలిపోయాడు. చావుకు ఎవరూ పిలవనక్కర్లేదు. ఆ పన్నెండడుగులూ జక్కరయ్య ఒట్టి కాళ్ళతో పరుగెత్తాడు.

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక సువార్త మా పెరట్లోకి వచ్చి, నా పక్కనే రాయిమీద కూర్చుంది.

"నా పెండ్లిలో నిన్ను పొయ్యి కాడ నిలబెట్టగూడదని నాయన పంతం పట్టాడు పెదనాయనా. ‘జనమంతా పొద్దస్తమానం ఆయన చేత వండించుకున్నారు. ఈ ఒక్క రోజన్నా మా అన్న కుర్చీలో కూర్చోవాల’ అన్నాడు."



"నాకెందుకు చెప్పలేదమ్మా వాడు?"

"నువ్వడిగితే చెప్పేవోడు."

అతను మళ్ళీ నన్ను పొయ్యి ఎక్కించలేదు. కోళ్ళు నాలో నీళ్ళు తాగుతున్నాయి. వానాకాలంలో తుప్పు పడుతుంది, పెచ్చులు రాలుతున్నాయి. దాని గురించి నాకు దిగులు లేదు. ఆ చివరి పండగ రోజు మాంసం చక్కగా కాలింది. జామ ముక్కలు కరిగి గుజ్జయ్యాయి. అంత బాగా అంతకుముందు ఎప్పుడూ కుదరలేదు. ఆ ఇంట్లో ఒక్కరూ తినలేదు. సాయంత్రం మార్తమ్మ నాలోదంతా తోడి గోడవతల పారబోసింది.