పేనిన తీగ

నికనోర రేడియో కేబులు కొసని చాకుతో గుండ్రంగా గీసి, నల్లటి తొడుగు ఊడలాగింది. లోపల రాగి అల్లిక, దాని కింద తెల్లటి పొర, నడిమధ్య తీగ. వయసంతా ఈ పనిలోనే గడిచింది. అయినా ఆ తెల్లపొర కనబడగానే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మనిషి గొంతు పోయేది ఈ కాస్త సందులోంచే కదా, కంటికేమీ కనబడదే అని ఇప్పటికీ ఆశ్చర్యమే. పైకంటే డ్రైవర్లు నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

పొట్టి మనిషి. రెండు జడలూ పనికి అడ్డం రాకుండా కొసలు కలిపి వీపు మీద ముడేసుకుంటుంది. ఉప్పుగాలికి చెంపలు పగిలి ఎర్రబడ్డాయి. టంకం చురకలకి వేళ్ల కొసలు మొద్దుబారాయి. ఉప్పు మైదానం ఒడ్డునున్న ఉయుని ఊళ్లో లారీ ఉన్న ప్రతివాడికీ ఆమె తెలుసు, ఆమె ఇంటిపేరు మాత్రం తెలియదు.

ఇవాళ్టి పని ఆరోగ్య కేంద్రం జీపుకి రేడియో బిగించడం. బిగించగానే జీపు ఉప్పు మైదానం దాటి ఆవలి ఒడ్డుకి పోవాలి. అక్కడ ఆమె అక్క ఇలారియకి ఊపిరాడటం లేదని కబురొచ్చింది. వానలకి మైదానమంతా జానెడు నీళ్లు నిలిచి చక్రాల జాడలు మునిగిపోయాయి. ఫోను అందదు. దారి తప్పితే రేడియోనే దిక్కు.

డ్రైవరు ఫెర్మిన్ లావుపాటి కేబులు చుట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు.

"చూడు వదినా, ఎద్దుని కట్టేసినా తెగదు."

"అయితే ఎద్దునే కట్టు."

"లావుదైతే గొంతు బాగా దూరం పోద్దన్నావుగా?"

"కొండ మీద స్తంభానికి చెప్పాను. అది కదలదు. నీ బండి ఎక్కితే నా పళ్లే కదులుతాయి."

ఆ కేబులూ కోసి చూసింది. మంచిదే. కానీ నడుమ ఒంటి తీగ, గోధుమ కాడంత. వేళ్లతో అటూ ఇటూ కాసేపు వంచింది. పుటుక్కున విరిగింది. ఫెర్మిన్ మొహం చిన్నబోయింది. తర్వాత తన సన్న కేబులు చూపించింది. నడుమ వెంట్రుకల్లాంటి తీగలు, ఒకదానికొకటి మెలేసుకుని. ఎంత వంచినా వంగాయి తప్ప విరగలేదు.

"మూడు బారల దూరానికి ఇది చాలు. జీపు తలుపు దగ్గర వంపులో బతికేది ఇదే."

ఆమె ఏ బడిలోనూ ఇది నేర్చుకోలేదు. చిన్నప్పుడు లామాల మందని మేపుతూ, నడుస్తూనే కదురు తిప్పేది అక్క. "ఒంటి నూలు బరువు మొయ్యదే, పేనితే మోస్తది" అనేది. నికనోర చదువంతా అదే.

బిగింపు అవగానే ఫెర్మిన్ బీరు సీసా మూత తీశాడు. నేలతల్లి పచ్చమామకి వాటా ఇవ్వకుండా కొత్త వస్తువు దేన్నీ కదిలించరు. టైర్ల మీద పోశాడు, బానెట్ మీద పోశాడు, సీసా యాంటెన్నా దాకా ఎత్తాడు.

"అక్కడొద్దు! బీరు లోపలికి దిగితే రేడియో మూగబోద్ది."

"పచ్చమామ అలుగుద్ది వదినా."

"ఆమెతో నేను మాట్లాడుకుంటాలే."

యాంటెన్నా వాటా కింద, మిగిలిన సన్న కేబులు ముక్కని చక్రం పక్కన పాతిపెట్టి, దాని మీద బీరు పోయించింది. అతుకు చుట్టూ రబ్బరు పట్టీ చుట్టింది. నీళ్లు లోపలికి పాకకుండా కిందికే కారిపోయేలా, తలుపు దగ్గర కేబుల్ని కాస్త వేలాడేసింది.

జీపు నీళ్లలోకి దిగింది. పైన ఆకాశం, కింద ఆకాశం, మధ్యలో చిన్న నల్లచుక్క. అదీ కరిగిపోయింది. నికనోర షెడ్డులో తన రేడియో సెట్టు ముందు కూర్చుని మైకు దగ్గరికి లాక్కుంది.

చాలాసేపటికి ఫెర్మిన్ పలికాడు. "ఎక్కించుకున్నాం వదినా. నర్సమ్మ కూడా ఉంది. ఎటు చూసినా ఆకాశమే, దిక్కు తెలీట్లా."

"కొండ మొన ఎడమ భుజానికి పెట్టుకుని రా. అక్కకి మైకివ్వు."

గరగర, ఆ వెంటనే ఇలారియ. "నికా."

పక్కన కూర్చుని పిలిచినట్టుంది. నికనోర మైకు మీద మీట నొక్కింది. "అక్కా, నొక్కితే మాట్లాడు, వదిలితే విను."

"కింద కూడా మబ్బులేనే! మబ్బుల మీద పోతున్నాం. ఇన్నేళ్లు ఈ ఒడ్డునే ఉండి ఎప్పుడూ చూడలేదు చూడు... నీ మేజోళ్లకి నూలు తీస్తున్నా, పెద్ద చలి రాకముందే..."

మాట ఆగింది. మీట మాత్రం వదల్లేదు. ఆమె వదిలితే తప్ప ఇవతల నుంచి ఒక్క మాట కూడా పోదు. నికనోర వింటూ కూర్చుంది. ఇంజను మోత, చక్రాల కింద నీళ్లు, వాటన్నిటి వెనక అక్క ఊపిరి. సన్నగా, తడబడుతూ, అయినా తెగకుండా వచ్చింది. ఊపిరి కూడా కేబుల్లోంచి వస్తుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. భయమూ వేసింది, చేతులు జోడించాలనీ అనిపించింది.

తర్వాత టక్కుమని చిన్న చప్పుడు. అవతల చెయ్యి మీటని వదిలేసింది.

ఇక మాట్లాడాల్సింది నికనోర. మీట నొక్కింది. "విన్నాను అక్కా. అంతా విన్నాను."

బదులు చాలాసేపటికి వచ్చింది, ఫెర్మిన్ గొంతుతో. "వదినా..." అంతే.

పొద్దు వాలుతుండగా జీపు తిన్నగా షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఒళ్లంతా ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది. తలుపు దగ్గర కేబులు వంపులోంచి నీళ్లు చుక్కచుక్కగా నేల మీద పడుతున్నాయి. నర్సమ్మా ఫెర్మినూ మొహం మీదుగా దుప్పటి కప్పిన ఇలారియని దించి లోపలికి మోసుకెళ్లారు.

నికనోర ముందు సీటు తలుపు తీసింది. మైకు పక్కన అక్క కదురు ఉంది, సగం నిండి. దాని కొసన పేనుతూ వదిలేసిన నూలు ఇంకా మెలి వీడలేదు.