రెండో పిలుపు

బైండరు ఇంట్లో ఎటు కాలు పెట్టాలన్నా ముందు నేల చూసుకోవాల్సి వస్తోంది. నెలన్నరగా ఇదే వరస. గుండీ అనే ఆ కుక్క చూడడానికి పిడికెడంత ఉంటుంది. కళ్ళ మీదికి జుట్టు, నేలకు రాసుకునే పొట్ట, ఎవరో బొటనవేలితో నొక్కినట్టున్న ముక్కు. చేసే నిర్వాకం మాత్రం దున్నపోతంత.

ఏ వేళకు అన్నం పెడతారో, ఏ కుర్చీ మెత్తగా ఉంటుందో, ఎవరి చెప్పులు నమలడానికి బాగుంటాయో అన్నీ దానికి తెలుసు. పెరటి తలుపు ఎందుకుందో మాత్రం మరిచిపోయింది.

మరిచిపోయిందనే అందరూ అనుకున్నారు. గుండీ వచ్చాక బైండరు భార్య బతికున్న నాలుగేళ్ళలో ఇంట్లో ఒక్క చుక్క పడలేదు. ఆవిడ పోయిన మర్నాటి నుంచి పుస్తకాలు బిగించి కుట్టే చట్రం కాళ్ళ దగ్గరే దాని పని కానిస్తోంది. ఎత్తుకెళ్ళి పెరట్లో దించితే కుళాయి కింద తడిగచ్చు వాసన చూసి, తోక ముడుచుకుని వెనక్కి వచ్చేస్తుంది. వచ్చి చట్రం కింద కూర్చుని, చెవులు రిక్కించి, మూసి ఉన్న పెరటి తలుపు వైపు చూస్తుంది. అలా చూస్తూ చూస్తూ ఉండగానే దాని కింద మడుగు కడుతుంది.

ఆ చెవులు లేచినప్పుడల్లా బైండరు చేతిలో సూది ఆగిపోయేది. తనకూ ఏమైనా వినబడుతుందేమోనని ఊపిరి బిగబట్టేవాడు. వినబడకపోతే బాగుండునని కూడా అనుకునేవాడు.

పక్కవాటాలో ఉండేది పశువుల ఆసుపత్రి కాంపౌండరు. గేదెలకు సూదులు వేసీ వేసీ గొంతు పెద్దది చేసుకున్న మనిషి. వచ్చి గుండీని రెండు చేతుల్లోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రోగం లేదు, రొష్టూ లేదు. మొండిఘటం బాబాయ్ ఇది. ఈ పొట్టిజాతులన్నీ ఇంతే. మనమే వాటి ఇంట్లో అద్దెకుంటున్నామనుకుంటాయి."

"ఏం చెయ్యమంటావురా మరి?"

"కొట్టకు. మూతి తీసుకెళ్ళి దాన్లో రాయకు. కాగితం పరుచు. కాగితం మీద పోస్తే బిస్కెట్టు పెట్టు. రోజుకింత కాగితాన్ని పెరటి తలుపు వైపు జరుపుకుంటూ పో. ఒకనాటికి కాగితం గడప దాటుతుంది, దాని వెనకే ఇదీ దాటుతుంది."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"పది రోజులు. బుర్రను బట్టి."

"దీనికి బుర్ర ఉందంటావా?"

"దీని సంగతి కాదు బాబాయ్, నీ సంగతి చెప్తున్నా."

ఇద్దరూ చాలాకాలానికి నవ్వుకున్నారు. బైండింగు చేసే ఇంట్లో కుక్కకు కాగితం మీద పోయడం నేర్పితే ఏమవుతుందో ఆ నవ్వులో ఇద్దరికీ తట్టలేదు. గుండీ పది రోజులు తీసుకోలేదు. మూడు రోజుల్లో చక్కగా ఆకళించుకుంది. నాలుగో రోజు, లైబ్రరీ నుంచి వచ్చిన పాతపుస్తకాలను విప్పి, ఫారాలను, అంటే కలిపి కుట్టే పేజీల మడతలను, గోడవారన పేర్చి ఆయన జిగురు కాయడానికి లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గుండీ ఒక్కో దొంతరకూ న్యాయం చేసి, బిస్కెట్టు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

"నేర్చుకుందిగా! నేను చెప్పానా లేదా?" అన్నాడు కాంపౌండరు గుమ్మంలోంచే, లోపలికి రావడానికి ధైర్యం చాలక.

సాయంత్రం కూతురు వచ్చింది. నాలుగు వీధుల అవతల పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. తండ్రి వంటింట్లో తాడు కట్టి ఫారాలన్నిటినీ ఆరేసుకోవడం చూసి ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంక చాలు నాన్నా. మా డాక్టరు గారి చెల్లెలికి తోట ఉంది. అక్కడైతే ఎక్కడ పోసినా అడిగేవాళ్ళుండరు. ఆదివారం బుట్ట తెచ్చి తీసుకెళ్ళిపోతా."

"ఆదివారం లోపల నేర్పిస్తానమ్మా."

"నువ్వు?"

"నేనే."

"నాకు ఎక్కాలు నేర్పించబోయి నువ్వే మరిచిపోయావట. అమ్మ చెప్పేది." ఆ మాట అనేసి పెరటి తలుపు వైపు చూసింది. "సరే. ఆదివారం చూస్తా. లోపల పోస్తే మాత్రం నాతో వచ్చేస్తుంది. మళ్ళీ బేరాల్లేవు."

కుక్క మీద ప్రేమకొద్దీ అడుగుతున్నాడని కూతురు అనుకుంది. అందులో ప్రేమ ఒక పాలు. భార్య పోయిన రోజు ఆయనతోపాటు ఆ గదిలో ఉన్న ప్రాణి అదొక్కటే. అది కూడా వెళ్ళిపోతే ఆ గదిలో జరిగినది ఆయన ఒక్కడి నెత్తిన పడుతుంది. పంచుకోవడానికి మాట రాని జీవమైనా ఒకటి ఉండాలి కదా.

గురువారం వరకూ తలప్రాణం తోకకొచ్చింది. తెల్లారి లేచి వీధుల వెంట తిప్పాడు. ప్రతి స్తంభం దగ్గరా ఆగి బతిమాలాడు. చంటిబిడ్డకు చేసినట్టు నోటితో 'ఉస్స్' మని శబ్దం చేశాడు. పాలమనిషి చూసి పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. గుండీకి చీమ కుట్టినట్టయినా లేదు. వీధులన్నీ తిరిగి, ఇంటికొచ్చి, చట్రం కింద చేరి, చెవులు లేపి, తలుపు వంక చూస్తూ కానిచ్చేసింది.

శుక్రవారం పొద్దున ఆయన చట్రం ముందు పీట మీద కూర్చుని కుడుతున్నాడు. వీధి తలుపు ఓరగా వేసి ఉంది. లైబ్రరీలో కొత్తగా చేరిన ఉద్యోగిని పుస్తకాల కోసం వచ్చింది. ఆయన్ని ఏమని పిలవాలో తెలియక మెట్టు మీద నిలబడి, "ఏమండీ" అంది.

ఆయన వినలేదని కాదు. ఫారం మధ్యలో దారం వదిలితే పుస్తకం నడుము వాలిపోతుంది. ముడి వేసి లేవాలి. గుండీ చెవులు లేపింది, తల నేల మీదే ఉంచింది.

"ఏమండీ!" ఈసారి ఆవిడ గొంతు కొంచెం సాగింది, కొంచెం విసుగు కూడా తగిలింది.

గుండీ బాణంలా లేచింది. ఆయనా లేచాడు. ఇద్దరూ ఒక్కసారే పెరటి తలుపు దగ్గరికి చేరారు. ఆయన చెయ్యి దానంతటదే గడియ తీసింది. కుక్క కుళాయి దాటి, గోడవారన గడ్డిలోకి పరుగెత్తి, తీరిగ్గా పని ముగించుకుంది.

"నేను ఇటుంటే అటు తలుపు తీశారేంటండీ?" అంది వీధిలోంచి ఆవిడ.

ఆయన తలుపుచెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఇంట్లో ఆయన పేరు అదే. భార్య ఆయన్ని మరో పేరుతో పిలిచింది లేదు. కుక్కను పెరట్లోకి వదలాల్సినప్పుడు ఆవిడ కుళాయి దగ్గర నుంచి తడిచేతులతో వచ్చి తలుపు తీయలేక "ఏమండీ" అనేది. ఆయన ముడి వెయ్యాలి కనక లేచేవాడు కాదు. కాసేపు చూసి "ఏమండీ!" అని గొంతు సాగదీసేది. అప్పుడు లేచి తలుపు తీసేవాడు. రెండో పిలుపు విన్నాకే ఆ తలుపు తెరుచుకుంటుందని గుండీ నేర్చుకుంది. మొదటి పిలుపుకు లేవనక్కర్లేదని కూడా నేర్చుకుంది. ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పాల్సిన పని లేదు.

ఆ రోజు ఆవిడ కుళాయి దగ్గర దుప్పట్లు జాడిస్తోంది. ఆయన కుడుతున్నాడు. "ఏమండీ" అని వినబడింది. ఆయన తల ఎత్తలేదు, గుండీ చెవులు లేపి ఊరుకుంది. ఇద్దరూ రెండో పిలుపు కోసం ఆగారు. ఆయన ముడి వేశాడు. ఇంకో ఫారం ఎక్కించాడు. దాన్నీ కుట్టాడు. కుళాయి నీళ్ళు గచ్చు మీద పారుతున్న చప్పుడు ఆగకుండా వస్తుంటే అప్పుడు లేచాడు. ఆవిడ గచ్చు మీద పడి ఉంది.

గుండె ఆగింది, క్షణాల్లో అయిపోయి ఉంటుందన్నాడు డాక్టరు. క్షణాలంటే ఎన్నని ఆయన అడగలేదు. "అమ్మ నిన్ను పిలవలేదా నాన్నా?" అని కూతురు ఒకే ఒక్కసారి అడిగింది. లేదన్నాడు.

ఇప్పుడు నెలన్నరగా ఆ కుక్క ఎవరిని చూస్తోందో ఆయనకు తెలిసింది. అది ఎవరినీ చూడటం లేదు. మొదటి పిలుపు వినేసి, రెండోదాని కోసం ఇంకా ఆగి ఉంది.

ఆ మధ్యాహ్నం ఆయన కుళాయి దగ్గర, ఆవిడ నిలబడే చోట నిలబడ్డాడు. తెరిచిన తలుపులోంచి లోపల చట్రం కనబడుతోంది, దాని ముందు తన పీట. "ఏమండీ" అన్నాడు. వెంటనే మళ్ళీ అన్నాడు. తన నోటి మాటకు తన లోపలే ఎవరో 'ఆఁ' అన్నారు. ఖాళీ పీట కదల్లేదు. గుండీ చెవులు మాత్రం లేచాయి.

రెండో పిలుపు వెంటనే పిలిస్తే అది లేవదని కొన్నిసార్లకు తెలిసింది. ఆవిడ ఆగినంతసేపూ ఆగాలి. మొదటి పిలుపుకూ రెండోదానికీ మధ్య ఎంత ఎడముంటుందో లోపల కూర్చుని కుట్టుకునేవాడికి తెలియదు. బయట నిలబడి, తన పీట వంక చూస్తూ, పలుకుతారేమోనని కనిపెట్టుకుని ఉన్నప్పుడు తెలిసింది. అది చాలా పొడుగు.

శనివారానికి గుండీ తప్పకుండా వస్తోంది. రెండు పిలుపులు, పరుగు, గడ్డి. నేల పొడిగా ఉంది. కుక్కను నిలుపుకోవడానికి ఆయనకు దారి దొరికింది. దొరికిన దారిని చూస్తేనే భయమేసింది. కూతురు ఆ ఇంట్లో పుట్టి పెరిగింది. రెండు పిలుపులూ వింటే ఇట్టే పట్టేస్తుంది. కుక్కను ఉంచుకోవాలంటే ఆమె ముందు ఆ పిలుపు పిలవాలి. పిలవకపోతే బుట్ట సిద్ధంగా ఉంటుంది.

ఆదివారం కూతురు బుట్టతో వచ్చింది. లోపల పాత తువ్వాలు కూడా పరిచి తెచ్చింది.

"ఏదీ, నీ విద్యార్థి ప్రతాపం చూపించు."

ఆయన తలుపు బార్లా తీసి పెరట్లోకి నడిచాడు. గుండీ చట్రం కింద ఉంది, కూతురు దాని పక్కన నిలబడింది. దాని వెనక కాళ్ళు ఇబ్బందిగా కదులుతున్నాయి. ఎక్కువసేపు ఆగేలా లేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఏమండీ."

"ఎవర్ని పిలుస్తున్నావు నాన్నా?"

ఆయన ఆగాల్సినంతసేపు ఆగాడు.

"ఏమండీ!"

గుండీ ఆయన కాళ్ళ పక్కనుంచి దూసుకుపోయి గడ్డిలో ఆగింది. కూతురు చప్పట్లు కొట్టి పకపకా నవ్వింది.

"అచ్చం అమ్మే! ఆ సాగదీయడం కూడా! మొదటి పిలుపుకి మీరిద్దరూ ఏనాడు లేచారు గనక? అమ్మ ఎన్నిసార్లు తిట్టుకునేదో. ఒక్కసారి పిలిస్తే ఈ కొంపలో..."

అక్కడితో ఆగిపోయింది. నవ్వు మొహం మీద కాసేపు అలాగే మిగిలి, తర్వాత పోయింది. కుళాయి కింది గచ్చు వంక, ఆయన వంక చూసింది.

"ఆ రోజు పిలిచింది కదూ?"

"పిలిచింది."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

కూతురు చట్రం దగ్గర నుంచి పక్కకు తప్పుకుంది. ఆయన లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక సూది అందుకున్నాడు. ఒక కుట్టు వేశాడు, ఇంకోటి వేశాడు. కూతురు ఆయన్ని దాటుకుని పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"నాన్నా."

గట్టిగా కాదు. మామూలుగా, ఒక్కసారి.

ఆయన లేచిన ఊపుకు పీట తిరగబడింది. దారం వేళ్ళ మధ్యనుంచి జారింది, ఫారాలు ఒకదాని వెంట ఒకటి నేల మీదికి ఒరిగాయి. గుండీ ఆయన మడమల్ని తగులుకుంటూ వచ్చింది. కూతురు కుళాయి దగ్గర, అటు తిరిగి నిలబడి ఉంది.

"ఏంటమ్మా? ఏమైంది?"

"ఏం కాలేదు." ఇటు తిరగలేదు. "వస్తావో లేదో అని."

కొంచెంసేపటికి చెంగుతో మొహం తుడుచుకుని లోపలికి వచ్చింది. పడిన ఫారాలు ఏరి వరస చూసి చట్రం మీద పెట్టింది. బుట్టలోంచి తువ్వాలు తీసి కుక్క పడుకునే చోట పరిచింది. "ఉండనీ దీన్ని. నీకు తోడు" అంది. తోడు అన్న మాట ఆమె నోట్లో మెత్తగా లేదు.

ఖాళీ బుట్ట పట్టుకుని వీధి మెట్లు దిగింది. ఆ ఇంట్లో ఎవరు బయటికి వెళ్ళినా 'వెళ్ళొస్తా' అనే వెళ్తారు. పాలమనిషి కూడా అంటాడు. ఆమె మలుపు దాకా వెళ్ళింది, తిరిగింది, కనబడకుండా పోయింది. బైండరూ గుండీ ఆ మాట కోసం చాలాసేపు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.