ప్రసన్న పేపర్లో ఆగని ఫ్యాన్లు

ప్రసన్న రాసే పేపర్లో ఫ్యాన్లు ఆగవు. స్విచ్ తీసేసిన ఇరవై సెకన్లకు ఫ్యాను వేగం ఎంత అని అడిగితే, సున్నా రావాల్సిన చోట ఆ అమ్మాయికి రెట్టింపు వేగం వస్తుంది. బ్రేకు వేసిన బస్సు చక్రం ఇంకా జోరందుకుంటుంది. ఈ పిల్ల చేతికి స్టీరింగ్ ఇస్తే నంద్యాలలో ఎక్కి ఆళ్లగడ్డలో దిగాల్సినవాళ్లు కడప దాటినా సీట్లోనే కూర్చుని ఉంటారు.

కారణం ఒక్కటే. వేగం తగ్గేటప్పుడు కోణీయ త్వరణం ఆల్ఫా ముందు మైనస్ పెట్టదు. సూత్రం సరిగ్గా రాస్తుంది, గుణకారం సరిగ్గా చేస్తుంది, యూనిట్లు కూడా మర్చిపోదు. ఒక్క అడ్డగీత గీయదు. ఏమీ రాని పిల్లల మీద నాకు కోపం రాదు. అన్నీ వచ్చి గీత దగ్గర ఆగిపోయే పిల్లను చూస్తే మాత్రం ఒళ్లు మండిపోతుంది.

"మైనస్ పెడితే నీ సొమ్మేం పోతుందమ్మా?" అని ఒకరోజు క్లాసులో అందరి ముందూ అడిగేశాను.

ప్రసన్న లేచి నిలబడి చాలా మర్యాదగా చెప్పింది. "మా చేలో బోరు మోటారు తిరిగితేనే గొప్ప సార్. ఆగేదాన్ని గురించి మా ఇంట్లో ఎవురూ అడగరు."

క్లాసంతా నవ్వింది. నాకు జవాబు తోచక ఆ పీరియడ్ అయిపోయేదాకా ఆమెను నిలబెట్టాను. ఫిజిక్స్ లెక్చరర్‌కు జవాబు తోచనప్పుడు చేసే పని అదే.

నవ్వుకోవడం అక్కడితో సరి. మా ప్రిన్సిపాల్ భారతమ్మ మేడమ్ ఆ వారమే ఒక మాట తేల్చి చెప్పారు. వచ్చే గ్రాండ్ టెస్టులో ఫిజిక్స్ తప్పితే ప్రసన్నను ఎంపీసీ నుంచి తీసి సీఈసీలో వేస్తారు. సీఈసీ తక్కువదని నేననను. కానీ ఈ పిల్ల ఎనిమిదో తరగతి నుంచే నాయన పక్కన కూర్చుని మోటారు స్టార్టర్ విప్పి బిగిస్తోంది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ తప్ప ఇంకో మాట ఆమె నోట రాదు. ఆ చదువు పోతే ఒక్క గీత మీద పోతుంది. అది తలచుకుంటే నాకు నిజంగానే బాధేసింది.

ఆ ఆదివారం ఆళ్లగడ్డలో మా ఇంటికి వెళ్లాను. చర్చి నుంచి వస్తుంటే వెనక వీధిలో సుబ్బలక్ష్మమ్మవ్వ అరుగు మీద కనిపించింది. ఆవిడ ప్రసన్నకు నాయనమ్మ. నేను నిక్కరు వేసుకున్నప్పటి నుంచీ నన్ను ఎరిగిన మనిషి కాబట్టి సార్ అని పిలవాల్సిన అవసరం ఆవిడకు ఎప్పుడూ కనిపించలేదు.

"అజయా, ఈడికి రా. మా పిల్లకు మార్కులు యాల రాలే? ఎవురి కండ్లు పన్యాయో ఏమో," అంది. సెలవుకు వచ్చిన ప్రసన్న ఆవిడ ఎదురుగా పీట మీద బుద్ధిగా కూర్చుని ఉంది.

అవ్వ పిడికిట్లో ఉప్పు, ఎండు మిరపకాయలు ఉన్నాయి. దిష్టి తీస్తోంది. చెయ్యి మనవరాలి తల చుట్టూ కుడివైపుగా మూడుసార్లు తిరిగింది, తర్వాత ఎడమవైపుగా మూడుసార్లు తిరిగింది. నాలోని లెక్చరర్‌కు ఆదివారం కూడా సెలవుండదు.

"ప్రసన్నా, అవ్వ చెయ్యి మొత్తం కోణీయ స్థానభ్రంశం ఎంత?" అని అడిగాను.

పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఇటు మూడు ప్లస్సు. అటు మూడు మైనస్సు. సున్నా సార్."

ఆ నోటి నుంచి మైనస్ అనే మాట వినడం నాకదే మొదటిసారి. ఆనందం పట్టలేక "సున్నా! కరెక్ట్, సున్నా!" అని గట్టిగా అనేశాను.

అవ్వ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏందీ సున్నా?"

"ఏం లేదవ్వా. నువ్వు ఇటు తిప్పి మల్లా అటు తిప్పితివి గదా, లెక్కలో మొత్తం సున్నా అయితాది."

అవ్వ ఉప్పు పిడికిలి నా మొహం ముందుకు తెచ్చింది. "నా పెండ్లయిన కాడ్నించి తిప్పుతాండా. ఇంతకాలం సున్నా తిప్పుతాండానని ఇప్పుడు చెప్తాండావా?" అంది. ఆపైన ఆవిడే ఉపాయం కనిపెట్టింది. వెనక్కి తిప్పడం వల్లే కదా సున్నా వచ్చింది, అయితే వెనక్కి తిప్పకపోతే సరి. కొత్త ఉప్పు తెప్పించి ఆరు చుట్లూ కుడివైపుకే తిప్పి పొయ్యిలో వేసింది. నేను వద్దనే లోపే అయిపోయింది. నా ఫిజిక్స్ ఒక మనిషి నమ్మకాన్ని మార్చడం అదే మొదలు, అదీ తప్పు దారికి.

సోమవారం ప్రసన్న హాస్టలుకు వచ్చింది. పరీక్ష ముందురోజు తల నొప్పిగా ఉందని ఇంటికి ఫోన్ చేసిందట. పాఠాలు చదివి వచ్చిన నొప్పి అది. అవ్వకు మాత్రం కారణం వేరుగా తోచింది. చేంతాడు ఒకవైపే తిప్పి విప్పకుండా వదిలేస్తే మెలిపడి బిగుసుకుపోతుంది. తను పిల్లకు చేసిందీ అదే.

పరీక్ష రోజు పొద్దున కాలేజీ గేటు దగ్గర గొడవ వినిపించి వెళ్లాను. వాచ్‌మన్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. అవతల సుబ్బలక్ష్మమ్మవ్వ, కొంగులో ఉప్పు మూట. ఇవతల ప్రసన్న, చేతిలో ప్యాడ్డు, కళ్లలో నీళ్లు. మొదటి గంట కొట్టేశారు. రెండో గంట కొడితే పరీక్ష హాల్లోకి రానివ్వరు, రాయకపోతే సీఈసీయే.

"అజయా, ఆ ఆరు చుట్లు పిల్ల మింద అట్లే ఉండాయి. వెనక్కి తిప్పాల. నువ్వే గదా నన్ను చెడగొట్టింది," అంది అవ్వ.

వరండాలో నుంచి భారతమ్మ మేడమ్ చూస్తున్నారు. ఈ సంగతి మా అమ్మ చెవిన పడితే వచ్చే ఆదివారం చర్చిలో నా పేరు మీద ప్రత్యేక ప్రార్థన ఖాయం. అయినా తప్పు నాది. వాచ్‌మన్‌ను పక్కకు జరిపి గేటు తీశాను.

"బిరీన తిప్పవ్వా."

"నువ్వు లెక్కపెట్టు. సారువి గదా."

అవ్వ చెయ్యి ఎడమవైపుకు కదిలింది. ఏ అలవాటు నోట్లో మెదిలిందో గానీ గట్టిగా లెక్కపెట్టాను. "మైనస్ ఒకటి. మైనస్ రెండు. మైనస్ మూడు." ప్రసన్న ఏడుపు ఆపి నవ్వడం మొదలుపెట్టింది. మైనస్ ఆరు దగ్గర అవ్వ చెయ్యి దించింది.

"ఇప్పుడెంత?" అంది.

"సున్నా అవ్వా."

"ఆ. ఇప్పుడు పిల్లను పొమ్మను."

తీరా చూస్తే ఆవిడ వెనక మా సెక్షన్ పిల్లలు సగంమంది వరుస కట్టారు. అందరికీ తీయమంటారు. అవ్వ కాదనలేదు, ఒక్కొక్కరికీ ఇటూ అటూ తిప్పింది. ఆ ఒక్కరోజు రెండో గంట కాస్త ఆలస్యంగా మోగింది. ఎవరు చెప్పి ఆపించారో నేనడగలేదు, భారతమ్మ మేడమ్ చెప్పలేదు.

సాయంత్రం పేపర్లు దిద్దుతూ ప్రసన్నది బయటికి లాగాను. ఫ్యాను లెక్క వచ్చింది. ఆల్ఫా ముందు గీత ఉంది, మామూలు గీత కాదు, స్కేలు పెట్టి రెండుసార్లు దిద్దిన గీత. ఫ్యాను యాభై చుట్లు తిరిగి ఆగిపోయింది. నాకు కళ్లు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. అత్తెసరు మార్కులే అయినా పాసయింది. ఎంపీసీలోనే ఉంటుంది.

అవ్వకు ఫోన్ చేసి చెప్పాను. సంతోషపడింది గానీ గొంతులో ఇంకా అనుమానం ఉంది.

"అజయా, ఒక మాట. ఇటు తిప్పింది, అటు తిప్పింది అంతా పోయి సున్నా అంటివే."

"అవునవ్వా. ఎంతమందికి తీసినా సున్నానే."

"సున్నా అయితే నా చెయ్యి యాల ఇంతగా నొస్తాంది?"

నాకు జవాబు తోచింది, స్థానభ్రంశం సున్నా అయినా చెయ్యి తిరిగిన దూరం సున్నా కాదని, గానీ ఫోన్లో చెప్పలేదు. మర్నాడు క్లాసులో ఆ ప్రశ్ననే బోర్డు మీద రాశాను. జవాబు చెప్పడానికి అందరికన్నా ముందు ప్రసన్న లేచింది. ఈసారి నేను నిలబెట్టకుండానే.