ఇటుకల మీది ఫ్రిజ్

ఫ్రిజ్ కింద తుడవాలంటే జుసారా నేల మీద బోర్లా పడుకోవాలి. పదకొండేళ్లుగా అది నాలుగు ఇటుకల మీదే ఉంది. సావో పావులోలో వాళ్ల వీధి వాలుగా ఉంటుంది, వాళ్లదే చివరి ఇల్లు. అక్కడ వానాకాలమైన జనవరిలో వీధి నీళ్లన్నీ ఇంట్లోకే వస్తాయి. పరుపులు పైకెత్తడం, బురద తోడిపోయడం ఆమె పని. "ఆ మూల ఇంకా బురద ఉంది చూడు," అనేది అత్తగారు దోనా ఓండీనా, కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని.

ఈ ఏడు వానలకి ముందే ఆమె ఇంటి బయట వంగింది. ఆదివారాలు ఎగువ తొమ్మిది ఇళ్ల ఆడవాళ్లనీ కూడగట్టి, వాన నీళ్లు ఇంకే పూలమళ్ల కోసం గుమ్మాల ముందు సిమెంటు పగలగొట్టించింది. ఎవరి ఇంటి ముందు తవ్వితే ఆ పూట అందరికీ నల్లచిక్కుళ్ల కూర వండేది వాళ్లే. నడుం లోతు తవ్వి, కంకర పోసి, ఇసుక కలిపిన మట్టిని రోడ్డు కన్నా జానెడు కిందికే ఆపారు. నీళ్లు దిగడానికి రోడ్డు అంచు కోశారు. ఆఖరిది జుసారా గుమ్మం ముందు. అందులో, నిరుడు పోయిన అమ్మ పెరటి మెట్టతామర దుంపలు నాటింది.

"పూలమడి ఎత్తుగా ఉంటుందే. నువ్వు తవ్వింది గొయ్యి," అన్నాడు భర్త ఎవాల్దో. "దోమల్ని పెంచుతావా?"

"ఒక్క రాత్రిలో ఇంకిపోతుంది."

"ఓహో, ఇంజినీరమ్మా. శనివారం మట్టి లారీ వస్తోంది. పూడ్చి సిమెంటు పోయిస్తా."

పదకొండేళ్లుగా మింగిన జవాబులు పోస్తే ఆ గొయ్యి చాలదనుకుంది జుసారా.

శుక్రవారం మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. "పరుపులెత్తు!" అని అరిచాడు ఎవాల్దో. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. నీళ్లు లోపలికొస్తే రేపు అమ్మ దుంపల మీద సిమెంటే. ఎగువన ఒక్కో మడీ తాగగా మిగిలిన నీళ్లు చివరి మడిలోకి తిరిగాయి. ఆకులు మునిగాయి. గడపకి రెండు వేళ్ల కింద నీళ్లు ఆగాయి.

పొద్దున్నకి తడిమట్టే మిగిలింది. ఎవాల్దో లారీని వెనక్కి పంపుతూ డ్రైవరుతో అంటున్నాడు: "మేం తవ్విందే ఇది."

"రా అయితే, ఫ్రిజ్ పట్టు," అంది జుసారా.

ఫ్రిజ్ నేల మీదికి దిగింది. ఆ నాలుగు ఇటుకల్నీ తీసుకెళ్లి, నీటి ఉరవడికి మట్టి కోసుకుపోకుండా మడిలోకి నీళ్లు దిగే చోట పరిచింది జుసారా.

"మళ్లీ నీళ్లొస్తే ఎలాగే?" అంది దోనా ఓండీనా.

"ఎవాల్దో ఎత్తుతాడు, అత్తయ్యా."